పెట్టె కోసం దాచిన ఓక్ పలకలు

లింట్‌హోప్‌లో ఏ ఇంటి తలుపు తీసినా చేతికి తగిలేది వాట్ లెయిడ్లా పనితనమే. స్కాట్లండ్ దక్షిణపు కొండల్లో, గొర్రెల మందల నడుమ, ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఊరది. ఊరందరికీ ఒకడే వడ్రంగి. ఉయ్యాలతొట్లు, బండి చక్రాలు, దొడ్డి తలుపులు, చర్చిలో కూర్చునే బల్లలు అన్నీ అతని కొట్టంలోంచి రావలసిందే. ఎవరైనా పోతే కొలతకర్ర పట్టుకుని ఆ ఇంటికి వెళ్లి, తల వంచుకుని కొలత తీసుకుని వచ్చి, శవపెట్టె కూడా అతనే చేసేవాడు. తండ్రి చేశాడు, తండ్రి తర్వాత ఇతను.

మనిషి పొడగరి. పెద్ద చేతులు, చిన్న గొంతు. పదిమందిలో ఉంటే వాట్ ఉన్నాడన్న సంగతి అతను దగ్గితేనే తెలిసేది.

అతనికి చుట్టుపక్కల పేరు తెచ్చినవి గోడపొయ్యిల చట్రాలు. చలి కాచుకోవడానికి ముందుగది గోడలో కట్టిన పొయ్యికి, గుమ్మానికి ద్వారబంధంలా, చుట్టూ చెక్క బిగిస్తారు. అటూ ఇటూ నిలువులు, వాటి మీద ఒక అడ్డం, ఆ పైన వెడల్పాటి పలక. ఇంటి గడియారం, పోయినవాళ్ల ఫొటోలు, పెళ్లికి వచ్చిన పింగాణీ బొమ్మలు అన్నీ ఆ పలక మీదే. చలికాలమంతా ఇంటిల్లిపాదీ దాని ముందే కూర్చుంటారు. పాస్టరుగారి ఇంట్లో ఉన్నది వాట్ చేసిందే. పెద్దరైతు ప్రింగిల్ ఇంట్లో గులాబీలు చెక్కినది కూడా అతనిదే. లేనిది అతని ఇంట్లోనే. అతని ముందుగదిలో పొయ్యి మసిపట్టిన రాళ్లతో బోసిగా ఉండేది.

"మా ఆయన ఊళ్లో పొయ్యిలన్నిటికీ బట్టలు కట్టాడు. మా ఇంటి పొయ్యి మాత్రం మొలకి గుడ్డ లేకుండా నిలబడింది" అనేది అతని భార్య ఎఫీ.

ఆమె ఐమౌత్‌లో చేపలవాళ్ల పిల్ల. సముద్రం హోరు మీద మాట్లాడి అలవాటైన గొంతు, వీధి ఆ చివరికి వినబడేది. ఆ మాటకి అందరూ నవ్వేవారు. వాట్ బుగ్గలు ఎర్రబడేవి. ఎఫీ కూడా నవ్వేది, నవ్వుతూనే ఓరకంట మొగుడి ముఖం చూసి, గబుక్కున వేరే మాట ఎత్తుకునేది. ఇద్దరే ఉన్నప్పుడు ఆమె నోట ఆ మాట ఒక్కసారి కూడా రాలేదని ఊళ్లో ఎవరికీ తెలియదు.

పెళ్లయిన కొత్తలో ఆ చట్రం మొదలైంది. వాట్ మంచి పైన్ పలకలు ఏరి, చిత్రిక పట్టి, నిలువులు కోసి, కొట్టంలో గోడకి ఆనించి పెట్టాడు. ఇంతలో పొలాల వాళ్ల పనులు మీద పడ్డాయి. తర్వాత ఐలీ పుట్టింది. ఐలీకి తొట్టె, తర్వాత చిన్న కుర్చీ, తర్వాత చక్రాల గుర్రం. చట్రం పలకలు అలాగే ఉన్నాయి. ఐలీ వాటి వెనక దూరి దాక్కునేది. వాట్ వెతుకుతున్నట్టు కొట్టమంతా తిరిగేవాడు. పిల్ల కిచకిచ నవ్వుతుంటే, "ఈ కొట్టంలో ఎలుకలు ఎక్కువయ్యాయి ఎఫీ, పిల్లిని తేవాలి" అనేవాడు. ఆ రోజుల్లో అతను బాగానే మాట్లాడేవాడు.

ఐలీకి ఆరో ఏడు నిండిన చలికాలంలో ఊరి మీద మంచు విరుచుకుపడింది. కనుమ దారి మూసుకుపోయింది. అప్పుడే పిల్లకి గొంతువాపు జ్వరం వచ్చింది. డాక్టరు కనుమకి అవతల ఉన్నాడు. ఇద్దరు గొర్రెలకాపర్లు పారలు పట్టుకుని బయలుదేరి, సగం దారిలోంచి వెనక్కి వచ్చారు. ఐలీ ఊపిరి ఎగబోస్తూ తల్లి ఒళ్లోనే పోయింది.

కొట్టంలో చూస్తే పెట్టెకి తగ్గ చెక్క లేదు. ఉన్నదంతా పచ్చి చెక్క, బయట మంచు కింద గడ్డకట్టి ఉంది. ఎండిన పలకలు ఉన్నవి చట్రానివే. వాట్ కొట్టం తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు. సాయంత్రానికి పెట్టె భుజాన పెట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. అంత చిన్న పెట్టెకి రెండో మనిషి సాయం అక్కర్లేదు. ఎఫీ ఆ చెక్క కేసి చూసింది. నిలువుల అంచున అతను తీర్చిన సన్నటి గాడి పెట్టె పక్కన అలాగే ఉంది. అది తీసేయడానికి అతనికి చెయ్యి రాలేదు. ఎఫీ ఆ గాడి వెంట వేలు పోనిచ్చింది. ఏమీ అనలేదు. అతనూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత వాట్ ఎందరి పొయ్యిలకో చట్రాలు చేశాడు. తన ఇంటి పొయ్యికి కొలత తియ్యలేకపోయాడు. వాళ్లకి మళ్లీ పిల్లలు పుట్టలేదు.

ఏళ్లు గడిచాయి. ఒకసారి గాలివానకి ప్రింగిల్ పొలం గట్టున ఒక పాత ఓక్ చెట్టు కూలింది. ఖరీదైన చెక్క, తరాలు నిలుస్తుంది. దాని మొదలు వాట్ అడిగి తెచ్చుకుని, పలకలుగా కోయించి, కొట్టం అటక మీద ఆరబెట్టాడు. ఒక వాటా తనకి, ఒక వాటా ఎఫీకి. పెట్టెలు చేసేవాడు తన పెట్టె చెక్క తానే దాచుకోవడం అతని తండ్రి నాటి రివాజు. ఈ సంగతి ఊరంతా ఎరుగును.

"వాట్ చావుని కూడా ఆరబెట్టుకుంటున్నాడర్రా, పచ్చిగా ఉంటే వంకర పోతుందని" అని కమ్మరి టామ్ వేళాకోళం చేసేవాడు.

"ఓక్ పెట్టెలో పడుకుంటే రాణీవాసమే మరి. అప్పుడైనా కాస్త ముదురుచెక్క చూస్తాను, ఇంట్లో ఎలాగూ లేదు" అనేది ఎఫీ.

ఆమెకి యాభయ్యారో ఏట కడుపులో గడ్డ లేచింది. పట్నం డాక్టరు చేతులతో నొక్కి చూసి, వాట్‌ని పెరట్లోకి పిలిచి, కోసినా లాభం లేదని చెప్పాడు. వాట్ లోపలికి వచ్చేసరికి ఎఫీ మంచం మీద కూర్చుని జడ వేసుకుంటోంది.

"ఏమన్నాడు?"

"బలమైన తిండి తినమన్నాడు."

"నీకు అబద్ధమాడటం రాదు వాట్. నేర్చుకునే వయసు కూడా దాటిపోయింది. వదిలెయ్."

ముందుగదిలో వెలుతురు బాగుంటుందని మంచం అక్కడికి మార్చారు. ఎదురుగా ఆ బోసి పొయ్యి. పక్కింటి విధవ బెల్ స్కాట్ పొద్దున్నే వచ్చి బార్లీ జావ కాచి, పక్కదుప్పట్లు ఉతికి ఇచ్చి పోయేది. శరదృతువు మొదలైంది. కొండల మీద చెట్లు ఎర్రబడ్డాయి. ఒక ఉదయం వాట్ పొయ్యిలో బొగ్గు వేస్తుంటే వెనకనుంచి ఎఫీ పిలిచింది.

"వాట్, నా పలకలు ఆరాయా?"

"ఏం పలకలు?"

"తెలియనట్టు అడక్కు. అటక మీద ఉన్నవి. నావి."

అతను బొగ్గు గరిట కింద పెట్టాడు. "ఇప్పుడా మాట ఎందుకు ఎఫీ?"

"వాటితో నాకు పనుంది. దింపు. ఈ పొయ్యికి చట్రం చెయ్యి."

"మరి నీకు?"

"నాకు చౌక పైన్ చాలు, నీ పలకలు నీకే ఉండనీ. మట్టి కింద ఎవరు చూడొచ్చారు? పురుగుకి ఓక్ రుచీ పైన్ రుచీ తెలుస్తాయా?"

"చట్రానికి వేరే ఓక్ తెప్పిస్తాను."

"వచ్చేదాకా నేనుంటానా? అయినా నాకు వేరేది వద్దు. నా చెక్క నేను బతికుండగా చూసుకోవాలి."

"వడ్రంగి పెళ్లానికి పైన్ పెట్టా అంటారు ఊళ్లో."

"అననీ. ఊరేమన్నా వచ్చి నా వీపు నిమురుతోందా?" అని కాసేపు ఆయాసపడి, గొంతు తగ్గించి అంది. "ఆ ఏడు పొయ్యి కోసం ఉంచినది పిల్ల పెట్టెకి పోయింది. నేను నిన్ను ఏమన్నా అన్నానా? అనలేదు. ఇప్పుడు పెట్టె కోసం ఉంచినది పొయ్యికి రానియ్యి."

ఐలీ పోయిన తర్వాత వాళ్లిద్దరి మధ్య ఆ పలకల మాట రావడం అదే మొదటిసారి. వాట్ మోకాళ్ల మీద ఉన్నవాడు లేవలేదు. గరిట అందుకుని మిగిలిన బొగ్గు పొయ్యిలో వేశాడు. తర్వాత లేచి, కొట్టంలోకి వెళ్లి, నిచ్చెన వేశాడు.

కొట్టంలో చేస్తానంటే ఎఫీ ఒప్పుకోలేదు. అందుకని పనిబల్ల ముందుగదిలోకి తెచ్చాడు. నిలువులకీ అడ్డానికీ చిత్రిక పడుతుంటే చెక్కపొరలు ఉంగరాలు చుట్టుకుని ఆమె దుప్పటి మీద పడేవి. ఆమె వాటిని ఏరి వాసన చూసేది. "పుల్లటి వాసన. ఊరగాయ జాడీ మూత తీసినట్టుంది" అనేది. ఒంట్లో నొప్పి లేనప్పుడు పక్కనుండి పెత్తనం చేసేది.

"గులాబీలు చెక్కకు. ఆ ప్రింగిల్ ఇంట్లో చూసి చూసి విసుగెత్తింది."

"మరేం చెక్కమంటావు?"

"ఏమీ వద్దు. చెక్కని చెక్కలా ఉండనియ్యి. అంత ఎత్తు పెడుతున్నావేం?"

"పలక ఎత్తు అంతే ఉంటుంది ఎఫీ. అందరిళ్లలోనూ అంతే."

"అందరిళ్లలో నేనుంటానా? నా చెయ్యి అందాలి."

అతను ఆమె కేసి చూశాడు. మంచం దిగి నిలబడి నెల దాటింది. పొట్టి మనిషి, ఇప్పుడు ఇంకా కుంచించుకుపోయింది. వాట్ పెన్సిల్ తీసి, గోడ మీద గీసుకున్న గీతని చెరిపేసి, బెత్తెడు కిందకి ఇంకో గీత గీశాడు.

పాత గోడ, రాయి రాయికీ ఎగుడుదిగుడు. నిలువుల్ని గోడకి ఆనిస్తే మధ్యలో సందులు. ఆ ఎగుడుదిగుడంతా చెక్క అంచు మీద గీసుకుని, ఆ గీత వెంట కోసి, మళ్లీ ఆనించి, మళ్లీ గీసి, కత్తిమొన దూరనంత దగ్గరగా తెచ్చాడు. మంట సెగ చెక్కకి తగలకుండా లోపలివైపు నల్లరాతి పలకలు పరిచాడు. పరుల ఇళ్లలో చకచకా అయిపోయే పని ఇక్కడ సాగుతూనే ఉంది. తొందరగా చెయ్యాలని ఉంది, చేస్తే అయిపోతుందని భయంగానూ ఉంది. ఒక్కోరోజు అయిపోయిన అతుకునే మళ్లీ విప్పి బిగించేవాడు. ఎఫీకి అది కనబడుతూనే ఉంది.

"నన్ను ఆపడానికా అది? నీ అతుకులకి నేను ఆగను వాట్. కానివ్వు" అంది ఒక రోజు.

ఆ మాట తర్వాత అతను వెనక్కి విప్పలేదు. తేనెమైనం కరిగించి గుడ్డతో రుద్దాడు. ఓక్ పలకలు తేనెరంగు తేరాయి. చట్రం నిలబెట్టిన రోజు పొద్దున్న బెల్ వచ్చింది.

"నన్ను లేపండి" అంది ఎఫీ.

"కూర్చునే ఓపిక లేదు, లేవడమా?" అంది బెల్.

"నువ్వు అటు పట్టుకో, ఆయన ఇటు పట్టుకుంటాడు. చచ్చిపోనులే, ఇంకా నాలుగురోజులుంది."

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేపారు. బరువే లేదు. పొయ్యి దగ్గరికి తీసుకొచ్చారు. ఎఫీ చెయ్యి చాపితే పలక సరిగ్గా అరచేతి కిందికి వచ్చింది. ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా నిమిరింది. వాళ్లమ్మ వదిలిపోయిన పింగాణీ కుక్కబొమ్మల జత పెళ్లినాటి నుంచి బట్టల పెట్టెలో గుడ్డ చుట్టి ఉంది. బెల్ వాటిని తెచ్చి ఇస్తే తన చేత్తోనే అటొకటి ఇటొకటి పెట్టింది.

"ఇవి ఇన్నాళ్లూ పెట్టెలో ఉన్నాయి పాపం. నేనే మేలు" అంది.

బెల్ ఏప్రన్ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. వాట్ పొయ్యి రాజేశాడు. ఎఫీ ఆ రోజంతా దాని కేసే చూస్తూ పడుకుంది. నిద్రపోయి లేచినప్పుడల్లా మొదట దాన్నే చూసేది. ఆ నెలాఖరుకి, కిటికీలోకి ఎండ వచ్చిన వేళ, పోయింది.

వాట్ మాట తప్పలేదు. పైన్ పెట్టె చేశాడు. అలాంటి చౌక పెట్టెల మీద మామూలుగా నల్లగుడ్డ కప్పి మేకులు కొడతారు. అతను కప్పలేదు. చేసింది దాచుకోవడం ఎందుకనుకున్నాడు.

ఎఫీ తమ్ముడు ఆండ్రూ విండ్రమ్ అంతకుముందే పడవల వెంట దూరపు రేవులకి వెళ్లి ఉన్నాడు. తంతి అందుకుని సరాసరి చావింటికే వచ్చాడు. తల్లి పోయాక, తన పెళ్లయ్యేదాకా వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఎఫీయే. అక్క జబ్బు ఇంతకి వచ్చిందని కూడా వాడికి తెలియదు. ముందుగదిలో పెట్టె. చుట్టూ నల్లకోట్లలో ఊరివాళ్లు. పెట్టె వెనక పొయ్యి, దాని చుట్టూ మెరుస్తున్న కొత్త ఓక్ చట్రం.

ఆండ్రూ పెట్టె మీద చెయ్యి వేశాడు. కొనవేళ్లతో కొట్టి చూశాడు. తర్వాత తలెత్తి చట్రం చూశాడు.

"ఇది ఎప్పుడు చేశావు?"

"ఈమధ్యే" అన్నాడు వాట్.

"మా అక్క మంచాన పడ్డాకా?"

"ఆ."

"మా అక్క కోసం దాచిన ఓక్ ఏదీ? ఊరంతా గొప్పగా చెప్పేవాళ్లు."

వాట్ పెదవులు కదిలాయి. చెప్పాలంటే ఎఫీ కోరిక ఒక్కటే చెబితే సరిపోదు. ఐలీ పెట్టె గురించి చెప్పాలి. ఆ గాడి గురించి చెప్పాలి. పెళ్లాంతోనే ఇన్నేళ్లూ అననిది ఇంతమంది నల్లకోట్ల ముందు ఎలా తియ్యాలో అతనికి తెలియలేదు. చెయ్యెత్తి చట్రం కేసి చూపించాడు.

ఆండ్రూ పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు. "బాగుంది వాట్ లెయిడ్లా. మా అక్క అక్కడ ప్రాణాలు వదులుతుంటే ఇక్కడ నువ్వు ఇల్లు సింగారించుకున్నావన్నమాట. దానికి ఓక్, దీనికి పైన్."

ఎప్పుడూ బావా అని పిలిచేవాడు ఇంటిపేరుతో సహా పిలిచేసరికి గదిలో అందరూ నేల చూపులు చూశారు. వంటింట్లో ఆడవాళ్లతో ఉన్న బెల్‌కి ఆ మాటలు వినపడలేదు. ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు కూడా.

శ్మశానంలో పెట్టె దింపేటప్పుడు ఒక్కో తాడు ఒక్కో దగ్గరివాడు పట్టుకోవాలి. తలవైపు తాడు భర్తది. కాళ్లవైపుది తోడబుట్టినవాడిది. పాస్టరుగారు పేరు పిలిచారు. ఆండ్రూ కదల్లేదు. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. పాస్టరుగారు మళ్లీ పిలిచారు. తాడు గడ్డిలో పడి ఉంది. చివరికి కమ్మరి టామ్ ముందుకొచ్చి అందుకున్నాడు. పెట్టె దిగుతుండగానే ఆండ్రూ వెనక్కి తిరిగి, గేటు దాటి, బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సంగతి తెలిసి బెల్ తల కొట్టుకుంది. "అది ఆవిడే అడిగింది, తన నోటితోనే నాకు చెప్పింది" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కొందరు నమ్మారు. కొందరు, "చచ్చేవాళ్లు ఎన్నో అంటారు, బతికున్నవాడికి బుద్ధుండద్దూ" అన్నారు. అసలు వాట్ నోరు విప్పితే సరిపోయేది. అతను విప్పలేదు. పాస్టరుగారు వచ్చి అడిగినా, "ఆమె ఇష్టప్రకారమే చేశానండి" అని ఊరుకున్నాడు.

ఆ చలికాలం అతను ముందుగది తలుపు మూసేశాడు. వంటింట్లోనే తినడం, వంటింట్లోనే పడక. తినడమంటే చల్లారిన ఓట్స్ జావ. ప్రింగిల్ కోడలు కొత్త ఇంటికి చట్రం కావాలని వచ్చి అడిగితే, "కిటికీలు చేస్తానమ్మా, తలుపులు చేస్తాను. అది చెయ్యను" అన్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఎఫీ పోయిన బాధ ఒకటి. ఆమె పెంచిన తమ్ముడి చెయ్యి ఆమె తాడు మీద లేకుండానే ఆమె దిగిపోయిందన్నది ఇంకొకటి. రెండోది తన వల్ల. అది అతన్ని పురుగులా తొలిచేది.

ఎండలు ముదిరాక ఒక రోజు బెల్ రొట్టె తీసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడే కడిగేసింది.

"ఎంతకాలం ఇలా రాయిలా కూర్చుంటావు? ఎఫీ బతికుంటే ఈపాటికి నిన్నూ ఆ తమ్ముణ్ణీ చెవులు పట్టుకుని ఒకచోట కూర్చోబెట్టేది."

"ఏం చెప్పను బెల్? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?"

"అది నాకేం తెలుసు? నీకు చట్రం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలుసుగా. వెళ్లు."

మరుసటి శనివారం అతను చర్చి కోటు వేసుకుని ఐమౌత్ బస్సెక్కాడు. దారిపొడుగునా చెప్పవలసిన మాటలు పేర్చుకున్నాడు. సముద్రం కనబడేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ఆండ్రూ భార్య క్రిస్సీ తలుపు తీసింది. అతన్ని చూసి ఒక క్షణం ఆగి, "పెరట్లో ఉన్నాడు" అని మాత్రం అంది. ఆండ్రూ పీట మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

"ఏం పని మీద?"

వాట్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఐలీ పెట్టె ఏ చెక్కతో చేశానో నీకు తెలియదు" అన్నాడు.

ఆండ్రూ చేతిలో సూది ఆగింది.

అప్పుడు వాట్ చెప్పాడు. తిన్నగా రాలేదు, ముందుదొకటి వెనకదొకటిగా వచ్చింది. మంచు, మూసుకుపోయిన కనుమ, పచ్చి చెక్క, గోడకి ఆనించిన నిలువులు. ఎఫీ వేలు పోనిచ్చిన గాడి. అటక మీది ఓక్. పురుగుకి రుచి తెలుస్తుందా అన్న ఎఫీ మాట. పలక బెత్తెడు దించమనడం. క్రిస్సీ వంటింటి గుమ్మంలోకి వచ్చి, అక్కడే ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది.

ఆండ్రూ సూదిని పీట పక్కన పెట్టాడు.

"ఈ ముక్క ఆ రోజే ఎందుకు అనలేదు?" అన్నాడు ఆండ్రూ.

"నోట్లోంచి రాలేదు."

"పురుగులకి రుచి... అది మా అక్క మాటే. ఇంకెవరూ అనరు." అతను వల మీదికి చూస్తున్నాడు కానీ చేతులు కదలడం లేదు. "నా కోపం సరే, అది పోతుంది. ఆ తాడు మాత్రం నేను వదిలేశాను. నువ్వొచ్చి చెప్పావని అది వెనక్కి రాదు. నన్ను పెంచింది బావా. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాను."

ఓదార్చే మాటలు వాట్‌కి ఎప్పుడూ రాలేదు. వలలు వేసే బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు, ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా.

కాసేపటికి క్రిస్సీ టీ తెచ్చింది. కాల్చిన చేప, రొట్టె తెచ్చింది. వాట్ ఆబగా తిన్నాడు. అలా తిని ఎన్ని నెలలైందో.

"ఐలీని నేను చూసింది ఒక్కసారే, పొత్తిళ్లలో ఉన్నప్పుడు. తర్వాత ఎప్పుడొద్దామన్నా పడవలు, వేట. అక్కని అడగడానికి భయమేసేది. ఎలా ఉండేది పిల్ల?" అన్నాడు ఆండ్రూ.

వాట్ కప్పు కింద పెట్టాడు. మొదట జుట్టు రంగు చెప్పాడు. తర్వాత ముందు పళ్లూడినప్పుడు ఎలా ఈల వేసేదో చెప్పాడు. చెక్క వెనక నక్కి ఎలా నవ్వేదో చెప్పాడు. కోడిపుంజుకి పాస్టరుగారి పేరు పెట్టి ఆయన ఎదుటే పిలిచిన సంగతి చెబుతుంటే క్రిస్సీ పక్కున నవ్వి, మరుక్షణం ఏడ్చింది. సాయంత్రం బస్సు హారన్ రేవు దగ్గర వినబడింది. వాట్ లేవబోయాడు.

"కూర్చో బావా. రేపుంది బస్సు" అన్నాడు ఆండ్రూ.

అతను కూర్చున్నాడు. మర్నాడు మధ్యాహ్నం లింట్‌హోప్‌లో బస్సు దిగేసరికి బెల్ ఏటి దగ్గర బకెట్‌తో నిలబడి ఉంది.

"రాత్రంతా ఎక్కడ పోయావు? దీపం లేదు, నువ్వు లేవు. టామ్‌ని పంపించి వెతికిద్దామనుకున్నాను."

"మా బావమరిది ఇంట్లో ఉన్నాను" అని వాట్ ఆమె చేతిలో బకెట్ అందుకుని, ఆమె ఇంటివైపు నడిచాడు.